ఏఐ వచ్చినా చేతిపనికి ఢోకా లేదంటున్నారు, నిజమేనా? మేనల్లుణ్ణి ఎక్కడ చేర్చాలి?

పద్మావతీపురం_మామ
మా అక్క కొడుకు ఈ ఏడాది టెన్త్ పాసయ్యాడు. మార్కులు బాగానే వచ్చాయి. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు, రెండేళ్ళ కోర్సు. మా బావకు ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత సీఎస్ఈ తప్ప వేరే దారి కనపడదు. సాఫ్ట్‌వేర్ పని ఏఐ చేసేస్తుంది, ఫ్యాను బిగించడానికి మాత్రం మనిషే నిచ్చెన ఎక్కాలి అని వాడి వాదన. యూట్యూబ్‌లో ఎవరో చెబితే విన్నాడు. ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టి "నువ్వే చెప్పు" అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట_ఫిట్టర్
మీ వాడి మాటే రైటు. 2023లో గోల్డ్‌మన్ శాక్స్ అనే పెద్ద బ్యాంకు వాళ్ళు అమెరికా ఉద్యోగాల మీద ఒక లెక్క వేశారు. ఆఫీసు గుమాస్తా పనుల్లో 46 శాతం, లా పనుల్లో 44 శాతం ఏఐ చేయగలదని తేల్చారు. నిర్మాణ పనుల్లో 6 శాతం, బిగింపు, రిపేరు పనుల్లో 4 శాతమే. నాలుగంటే నాలుగు!

మన తిరుపతి సంగతే చూడండి. బస్టాండు చుట్టూ ఎన్ని లాడ్జీలు, ఎన్ని గదులు, ఎన్ని ఏసీలు. నేను పాత లాడ్జీలో వైరింగ్ పనికి వెళ్ళాను. గోడలో ఉన్నది ఒకే పైపు. అందులో నలుగురు వేర్వేరు కాలాల్లో గుచ్చిన తీగలు. ఒకడు న్యూట్రల్‌కు నలుపు వాడాడు, ఇంకొకడు ఎరుపు వాడాడు. స్విచ్ ఆపినా టెస్టరు వెలుగుతూనే ఉంది. ఒక్కొక్క తీగా విప్పి, టేపు చుట్టి, గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఆ గోడలో ఏముందో వేసినవాడికే గుర్తుండదు, చాట్‌జీపీటీకి ఎలా తెలుస్తుంది? ఐటీఐలో చేర్చేయండి, ఆలోచించే పనే లేదు.

చిత్తూరు_తోతాపురి
ఏసీ మెకానిక్కుకు ఫోన్ చేస్తే "రేపొస్తా సార్" అని నాలుగు రోజులు తిప్పించాడు. వాళ్ళకు పని లేకపోవడమేంటి సామీ!

అలిపిరి_మెట్లు
తిరుమల కొండ మీద క్యూ చూడటానికి కూడా 2025 సెప్టెంబరులో ఏఐ కంట్రోల్ సెంటర్ పెట్టారు. ఆ కెమెరాలు బిగించింది మాత్రం మనుషులే.

బెంగళూరు_రిటర్న్
పదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేసి ఇంటికొచ్చినవాణ్ణి. కాబట్టి నా మాట కొంచెం వినండి.

2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తీసేస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్ళనే. ఏఐ వల్ల కాదు, వాళ్ళ నైపుణ్యాలు కొత్త పనులకు సరిపోవడం లేదు అన్నారు. సరే, అలాగే అనుకుందాం. నేను చేసిన కంపెనీ వేరు, చిన్నది. అక్కడ మా టీము రాసిన టెస్ట్ కేసులన్నీ ఒక చోట చేర్చి, వివరణలతో సహా శుభ్రంగా రాసిమ్మన్నారు. "నాలెడ్జ్ బేస్" అన్నారు. కష్టపడి రాశాం. ఆరు నెలల తర్వాత ఆ నాలెడ్జ్ బేస్‌ను ఏఐకి మేతగా వేసి, టీములో సగం మందిని పిలిచి చేతిలో కాగితం పెట్టారు. నేనూ ఆ సగంలోనే ఉన్నాను.

అందుకే చెబుతున్నా, మీ వాణ్ణి చేతిపనిలోనే పెట్టండి. ఎలక్ట్రీషియనే కానక్కర్లేదు. మన జిల్లాలో కాళహస్తి కలంకారీ ఉంది, మాధవమాల చెక్క శిల్పాలు ఉన్నాయి. తరాలుగా చేతిలో నిలిచిన విద్యలు. వీటిని ఏ ఏఐ కూడా తాకలేదు.

కరక్కాయ_పాలు
తాకలేదా? తమ్ముడూ, మీరు కాళహస్తి వచ్చి ఎన్నాళ్ళయింది?

మాది కలంకారీ ఇల్లు. బొమ్మ గీసేది మా ఆయన, రంగులు నింపేది నేనూ మా ఆడపడుచూ. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఎండబెడతాం. చింతపుల్ల బొగ్గుతో గీత, దాని మీద కసీం. పాత ఇనుము, బెల్లం నీళ్ళలో నానేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే నలుపు అది. వెదురు కలానికి నూలు చుట్టి, ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీయాలి. ఎర్రగా రావాలనుకున్న చోట పటిక పూయాలి. మధ్యమధ్యలో ఉతుకుడు. స్వర్ణముఖిలో నీళ్ళుంటే ఏటికి పోతాం, లేకపోతే బోరు నీళ్ళే దిక్కు. ఒక్క చీరకు వారాలు పడుతుంది.

ఇప్పుడు వ్యాపారి కంప్యూటర్ ముందు కూర్చుని "కలంకారీ స్టైల్, హంసల అంచు, మెరూన్" అని టైపు చేస్తాడు. నిమిషంలో నలభై బొమ్మలు వస్తాయి. ఒకటి ఎంచుకుని డిజిటల్ ప్రింటుకు పంపుతాడు. చీర వచ్చేస్తుంది. అమ్మేది కలంకారీ అనే.

బెంగళూరు_రిటర్న్
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ రెండు విషయాలు కలిపేస్తున్నారు. డిజిటల్ ప్రింటు ఏఐ కాదు. అది ప్రింటింగ్ మెషిన్. స్క్రీన్ ప్రింటు కలంకారీ మన చిన్నప్పటి నుంచీ ఉంది. ఏఐ రాకముందే మీకు నష్టం జరిగింది.

కరక్కాయ_పాలు
జరిగింది, కాదనలేదు. కానీ స్క్రీన్ వేసేవాడికి కూడా ముందు ఒక బొమ్మ కావాలి కదా. మా ఆయన దగ్గరికో, ఇంకొకాయన దగ్గరికో వచ్చి గీయించుకునేవాడు. చీర కూలి పోయినా డిజైను డబ్బులు వచ్చేవి. ఇప్పుడు ఆ రాకడ కూడా ఆగిపోయింది.

బెంగళూరు_రిటర్న్
అంటే డిజైను పని పోయింది, చేతిపని పోలేదు. నేను చెప్పిందీ అదే. ప్రింటు ఏఐ కాదు.

రేణిగుంట_ఫిట్టర్
అమ్మా, తప్పుగా అనుకోవద్దు. చర్చ ఎలక్ట్రీషియన్ గురించి. కలంకారీ కళ, మాది వృత్తి. ఫ్యాను తిరగకపోతే గంటలో మనిషి కావాలి, చీర లేకపోతే ఇంకో చీర కట్టుకుంటారు. అయినా చేతివృత్తులవాళ్ళకు 2023లో పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది కదా. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. తీసుకున్నారా?

కరక్కాయ_పాలు
అందులో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, చాకలి, మంగలి, చేపల వలలు అల్లేవాళ్ళు. చదువుకోండి. కలంకారీ లేదు.

రేణిగుంట_ఫిట్టర్
శిల్పులు ఉన్నారు కదా, అందులో రాదా?

కరక్కాయ_పాలు
గుడ్డ మీద గీసేవాడు శిల్పి ఎట్లా అవుతాడండీ.

పాకాల_జంక్షన్
నాకొక డౌటు. కొనేవాడికి తేడా ఎట్లా తెలియాలి? మా ఇంట్లో ఒకటుంది, కలంకారీ అనే కొన్నాం.

కరక్కాయ_పాలు
తిరగేసి చూడండి. చేత్తో చేసినదైతే రంగు వెనక్కి దిగి ఉంటుంది. ప్రింటుకు వెనక తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తుంది. గీత కూడా చూడండి. కలంలో కసీం నిండుగా ఉన్నప్పుడు లావుగా మొదలై, అయిపోయేకొద్దీ సన్నబడుతుంది, మళ్ళీ ముంచిన చోట మళ్ళీ లావు. ప్రింటులో అంతటా ఒకటే మందం. కొత్త గుడ్డయితే వాసన చూసినా తెలిసిపోతుంది.

పాకాల_జంక్షన్
తిరగేశాను. వెనక తెలుపే. మా ఆవిడకు చెప్పదలచుకోలేదు.

బెంగళూరు_రిటర్న్
అందుకే అక్కా, అసలుకూ నకిలీకీ తేడా తెలిసిన కస్టమర్‌ను వెతుక్కోవాలి. ఏఐతో గొడవ పడకుండా దాన్నే వాడుకోవాలి. నేనూ ఒక చిన్న పని మొదలుపెట్టాను. ఏఐతో సంప్రదాయ డిజైన్లు చేసి చీరల యూనిట్లకు ఇస్తున్నా. శాంపిల్ కింద పెట్టాను, హంసల అంచు. మీలాంటివాళ్ళు దాన్ని గుడ్డ మీద చేత్తో గీస్తే టైము ఆదా.

కరక్కాయ_పాలు
ఓహో. అదా సంగతి.

ఆ హంసలు ఎవరివి?

బెంగళూరు_రిటర్న్
ఎవరివీ కావు. వేల బొమ్మలు చూసి అది నేర్చుకుంది.

కరక్కాయ_పాలు
ఆ వేల బొమ్మలు గీసింది ఎవరు?

ఒక షాపాయన క్యాటలాగు కోసమని మా దగ్గర ఫోటోలు తీసుకున్నాడు. కొన్నాళ్ళకు పాలియెస్టర్ చీర మీద మా అంచు కనిపించింది. తామర రేకులు మారాయి, హంస మెడ వంపు మారింది. మొగ్గ పక్కన రెండు చుక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆ చుక్కలు మా మామగారు పెట్టుకున్న గుర్తు. వాటికి అర్థం లేదు, అందం కూడా లేదు. ఏ మనిషీ కావాలని వాటిని కాపీ కొట్టడు. మీ హంసల పక్కన చుక్కలు లేవు, చూశాను. కానీ అవి కూడా ఎవరింటి నుంచో వచ్చినవే.

బెంగళూరు_రిటర్న్
అది ఫోటోషాప్ కూడా కావచ్చు, ఏఐ అనే రుజువు ఏముంది? అసలు మీ మామగారు మాత్రం ఎవర్ని చూసి నేర్చుకున్నారు? గుడి తెరల మీద, గోపురాల మీద ఉన్న బొమ్మలే కదా. రాముడికి, హంసకు కాపీరైట్ ఉంటుందా? మనిషి చూసి నేర్చుకుంటే విద్య, మెషిన్ చూసి నేర్చుకుంటే దొంగతనమా?

కోర్టు_వరండా
చట్టం సంగతి చెబుతా, తిట్టుకోవద్దు. కాళహస్తి కలంకారీకి జీఐ ఉంది, అంటే ఫలానా ఊరి సరుకు అని పేరుకు ఇచ్చే గుర్తింపు. ప్రింటు చీరను ఆ పేరుతో అమ్మితే దాని మీద కోర్టుకు పోవచ్చు. బొమ్మకు, అంచుకు మాత్రం జీఐ రక్షణ రాదు. ఇక కాపీరైట్. 1957 చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేసుకోగలిగిన డిజైనును రిజిస్టరు చేయకుండా, యజమాని గానీ ఆయన అనుమతితో ఇంకొకరు గానీ యంత్రం మీద 50 సార్లకు మించి తీస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. చేత్తో ఒక్కొక్కటే చేసేవాళ్ళకు అది వర్తించకపోవచ్చు. కానీ కోర్టుకు వెళ్ళి తేల్చుకునే ఓపిక కలంకారీ ఇంట్లో ఎవరికుంటుంది?

బెంగళూరు_రిటర్న్
చూశారా. చట్టపరంగా నేను చేసేది తప్పు కాదు.

కరక్కాయ_పాలు
మీ కంపెనీ చేసింది చట్టపరంగా తప్పా? మీరు రాసింది మేత వేసి మిమ్మల్ని పంపేశారని పైన మీరే కదా ఏడ్చారు. మీది పోతే అన్యాయం, మాది పోతే "ఎవరివీ కావు".

బెంగళూరు_రిటర్న్
నాకు జీతం ఇచ్చి రాయించుకున్నారు. ఆ రాత వాళ్ళది. రెండూ ఒకటి కాదు. పర్సనల్‌గా వెళ్ళకండి. ఇంట్లో ఈఎంఐలు ఉన్నాయి, నాకూ బతుకు కావాలి. ఇంత ప్రేమ ఉంటే మీ పిల్లల్ని ఆ పనిలోనే పెట్టారా? నిజం చెప్పండి.

మోడరేటర్
మాటలు జాగ్రత్త. ఇంకొకసారి ఇంట్లోవాళ్ళ దాకా పోతే థ్రెడ్‌కు తాళం వేస్తా.

కరక్కాయ_పాలు
ఉండనివ్వండి సార్, చెబుతా. పెట్టలేదు. మా అమ్మాయి సీఎస్ఈ, లోను మీద చదువుతోంది, మూడో ఏడాది. కలం పట్టడం దానికి వచ్చు, చెయ్యి నాకంటే నయం. అయినా నేనే పంపించాను. చేతిపని గొప్పదని నేనెక్కడా అనలేదు, పైకి పోయి చూసుకోండి. గొప్పదన్నది మీరిద్దరే. దాంట్లో కూలి గిట్టదన్నదే నా మాట. కూలి గిట్టని పనిని ఏఐ తాకినా ఒకటే, తాకకపోయినా ఒకటే. మీరు ఇప్పుడు ఆ హంసల్ని యూనిట్లకు అమ్ముతారు, వాళ్ళు చీరలు అమ్ముతారు. ఒక్క రూపాయి కాళహస్తి దాకా రాదు. నేను అడుగుతున్నది దాని గురించి.

రేణిగుంట_ఫిట్టర్
అంటే చివరికి మీరూ సీఎస్ఈయే! ఇంతసేపూ మా చేతిపనికి ఢోకా ఉందని ఎందుకమ్మా భయపెట్టారు? నేను చెప్పిన 4 శాతం లెక్కకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఏర్పేడు_డీజిల్
నేను చెబుతా ఫిట్టరన్నా. పని ఉంటుంది, ఒప్పుకుంటా. ఆ పనికి ఎంతిస్తారు? మా తమ్ముడు ఐటీఐ చేసి ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. ఏడాది స్టైపెండ్ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, "అవసరమైతే పిలుస్తాం" అన్నారు. వాడి స్థానంలో కొత్త బ్యాచ్ అప్రెంటిస్‌లు. ఏఐ అక్కర్లేదు, కాంట్రాక్టరు చాలు. నువ్వు పర్మనెంటా అన్నా?

రేణిగుంట_ఫిట్టర్
నేను సొంతంగా చేసుకుంటా. ఫ్యాక్టరీ మానేసి చాలా కాలమైంది.

ఏర్పేడు_డీజిల్
ఎందుకు మానేశావో కూడా చెప్పు మరి.

రేణిగుంట_ఫిట్టర్
కాంట్రాక్టరు మారితే సీనియారిటీ పోయింది, కొత్తవాడి రేటుకే చేయమన్నాడు. అది వేరే సంగతి.

చిత్తూరు_తోతాపురి
వేరే సంగతి కాదన్నా, అదే సంగతి.

బెంగళూరు_రిటర్న్
సరే అక్కా. అమ్మిన ప్రతి డిజైను మీద కొంత ఇవ్వమంటే ఇస్తా. కానీ ఎవరికి ఇవ్వాలి? ఆ మోడల్ ఎవరెవరి బొమ్మలు చూసిందో నాకు తెలియదు, చెప్పే దారీ లేదు. ఊరందరికీ పంచాలా?

కరక్కాయ_పాలు
తెలియనిదాన్ని అమ్మొద్దు. మీకు బొమ్మ కావాలంటే కాళహస్తికి రండి, గీయించుకోండి, డబ్బివ్వండి, ఆ బొమ్మనే మీ కంప్యూటర్‌కు నేర్పించుకోండి. ఎన్నిసార్లు వాడితే అన్నిసార్లు ఇంత అని ముందే కాగితం మీద రాసుకుందాం. నేను వద్దన్నది ఏఐని కాదు.

బెంగళూరు_రిటర్న్
పక్కవాడు ఉచితంగా తీసుకుంటుంటే నేనొక్కణ్ణే డబ్బులిస్తే నా రేటుకు ఎవరూ రారు.

కరక్కాయ_పాలు
మేము ఆ మాట ప్రింటు చీరల గురించి ఎప్పటి నుంచో చెబుతున్నాం.

కోర్టు_వరండా
మామగారూ, ఉన్నారా? పిల్లవాడికి మధ్యదారి ఒకటుంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేయించండి. కావాలంటే తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. రెండు తలుపులూ తెరిచి ఉంటాయి.

పద్మావతీపురం_మామ
ఉన్నానండీ, అన్నీ చదువుతున్నా. ఖర్మ కాలి మా బావకు కూడా చూపించాను. అప్రెంటిస్ కథ చదివి ఐటీఐ అసలే వద్దన్నాడు. టీసీఎస్ సంగతి చదివి సీఎస్ఈ మీద కూడా నోరు పడిపోయింది. వాడేమో ఫిట్టర్ గారి లాడ్జీ వైరింగ్ కథ నాలుగుసార్లు చదువుకున్నాడు, ఇంట్లో స్విచ్ బోర్డు విప్పి కూర్చున్నాడు. పాలిటెక్నిక్ మాట ఈ రాత్రికి కదుపుతా. ఫిట్టర్ గారూ, సెలవుల్లో వాణ్ణి మీ వెంట పనికి తిప్పుకుంటారా? కూలి అక్కర్లేదు.

ఏర్పేడు_డీజిల్
కూలి అక్కర్లేదు అనొద్దు సార్. ఎంతో కొంత ఇప్పించండి.

రేణిగుంట_ఫిట్టర్
పంపించండి. టెస్టరు, కటింగ్ ప్లేయరు తెచ్చుకోమనండి. మధ్యాహ్నం భోజనం నాది, కూలి సంగతి వాడి చెయ్యి చూశాక చెబుతా.