82 శాతం పోలిక: క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడగాలి?

నాంపల్లి కోర్టులో లీగల్ ఎయిడ్ తరఫున డిఫెన్స్ చూస్తున్నాను. నా క్లయింటు పాతబస్తీ ఆటోడ్రైవరు, గొలుసు దొంగతనం కేసు. సొత్తు దొరకలేదు. ఉన్నదల్లా మసక సీసీటీవీ బొమ్మ, దానికి ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ‘82 శాతం పోలిక’. దేనిలో 82? దర్యాప్తు అధికారి (ఐఓ) గారికీ తెలియదు. నెల రోజులుగా ఆ మనిషి జైల్లో ఉన్నాడు, నాకు నిద్ర పట్టడం లేదు.

పాత వకీలు: అమ్మా, ముందు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ చూడు. హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర, ఉందా? నిపుణుడి సంతకం ఉందా? గుర్తింపు పరేడ్‌కు ముందే సాక్షికి ఆ ఫొటో చూపించారేమో గట్టిగా అడుగు. చూపిస్తే పరేడ్‌కు విలువేముంటుంది?

మాదాపూర్ ఇంజనీరు: ఆ అంకె ‘ఇతనే దొంగ’ అనడానికి 82 శాతం అవకాశం కాదండీ. అసలు దొంగ డేటాబేస్‌లో లేకపోయినా, ఉన్నవాళ్లలో దగ్గరి ముఖాన్ని సాఫ్ట్‌వేర్ పైకి తెస్తుంది. కటాఫ్ ఎంత పెట్టారు, జాబితాలో ఇంకెవరు వచ్చారు, అడగండి.

పాత వకీలు: అమెరికాలో న్యూజెర్సీ అప్పీలు కోర్టు 2021లో, పికెట్ కేసులో, డీఎన్‌ఏ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ డిఫెన్స్‌కు చూపమంది. మన కోర్టును అది కట్టిపడేయదు, కానీ వాదనకు పనికొస్తుంది.

అడిగినామె: పూర్తి జాబితా కోసం రేపే పిటిషన్ వేస్తున్నాను, సార్.