గిజిగాడి గూట్లో దీపం ఉందా? పిల్లల జంతుకథలకు ముందు పరిశీలన కావాలా, అక్కర్లేదా

బడిపంతులు:
ఆరో తరగతికి తెలుగు చెబుతాను. వానలు పడగానే మా ఊరి దిగుడుబావి మీదికి వాలిన ఈతచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కట్టడం మొదలెట్టాయి. పిల్లలకు ఒకటే చెప్పాను. మూడు వారాలు రోజూ పావుగంట దూరం నుంచి చూడాలి, చూసింది నోటుబుక్కులో రాయాలి, ఆ తర్వాతే కథ. గూళ్ల జోలికి మాత్రం పోకూడదు. ఇప్పుడు తోటి పంతుళ్లు ఇద్దరు నా మీద గుర్రుగా ఉన్నారు. "కాకమ్మ కథకు సైన్సు నోట్సు ఎందుకయ్యా, పిల్లల ఊహ చచ్చిపోతుంది" అంటున్నారు. మీరేమంటారు?

కథలబుట్ట:
వాళ్లన్నదాంట్లో తప్పేముంది మాస్టారూ? గిజిగాడు బంకమట్టి తెచ్చి గూట్లో అంటించి, దానికి మిణుగురును అతికించి దీపం పెట్టుకుంటుందని మా అమ్మమ్మ చెప్పేది. ఆ ఒక్క మాటకు ఆరుబయట మంచం మీద పడుకుని ఎన్ని రాత్రులు చెట్లకేసి చూశానో! మీ నోటుబుక్కు ఉంటే ఆ మిణుగురు ఎగిరిపోయేది. పంచతంత్రంలో వానకు తడుస్తున్న కోతికి బుద్ధి చెప్పబోయి పిట్ట గూడు పీకించుకుంటుంది. కోతికి పిట్ట భాష వస్తుందా అని ఎవరైనా ముందు వాకబు చేశారా?

బడిపంతులు:
మట్టి నిజమేనండీ, అదే విచిత్రం. సగం కట్టిన గూట్లో మగపిట్ట తడిమట్టి ముద్దలు అంటిస్తుంది. గాలికి గూడు ఊగిపోకుండా బరువు కోసమని కొందరంటారు. లేనిదల్లా మిణుగురే.

అసలు గూడు కట్టేదే మగది. వరి ఆకు అంచును ముక్కుతో కొరికి పట్టుకుని ఎగిరితే, సన్నటి పీలిక సర్రున చిరిగి వస్తుంది. గూడు హెల్మెట్ బోర్లించినట్టు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చితేనే మిగతా సగం, కింద వేలాడే గొట్టం. అది గుడ్లు పెట్టగానే ఈయనగారు ఇంకో గూడు మొదలెడతాడు, ఇంకో ఆడపిట్ట కోసం. 1930లో కొంకణ తీరంలోని కిహీంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఓపిగ్గా కూర్చుని కనిపెట్టింది ఇదే.

మా బావి మీద ఒక గూడు హెల్మెట్ దగ్గరే ఆగిపోయింది. ఏ పిట్టా రాలేదు. సగం క్లాసు ఆ గూటి మీదే కథ రాసింది. కిందటేడు కథ రాయమంటే అందరూ సింహం, కుందేలు, బావి. మా మండలంలో సింహాన్ని చూసినవాడెవడండీ?

ఢిల్లీ తెలుగాయన:
మా అమ్మాయికి ఉడత కథ చెప్పాను, రాముడు మూడు వేళ్లతో నిమిరితే మూడు గీతలు పడ్డాయని. మర్నాడు పార్కుకెళ్లి లెక్కపెట్టుకొచ్చింది. "నాన్నా, ఐదున్నాయి" అంది. నిజమే, మన దక్షిణాది ఉడతకు మూడు చారలు, ఇక్కడి ఉడతకు ఐదు. "అయితే ఇక్కడ అరచెయ్యంతా పెట్టాడేమో" అని తనే కథ అల్లేసింది. లెక్కపెట్టబట్టే కదా ఆ కథ పుట్టింది.

గొర్లకాడి పిలగాడు:
పరిశోధన అని పెద్ద పేరు పెట్టి పిల్లలను ఫోన్ల ముందట కూసోబెట్టకుంటే చాలు సారూ. మా తాత గొర్లు కాసెటోడు. కాకి గూట్ల కోకిల గుడ్డు పెడ్తదని, కాకి ఎర్కలేక పొదుగుతదని చెట్టు కింద నిలవడి చూపిచ్చిండు. బల్లె ఎవ్వరూ ఆయనను అడగలె. ఇంకో ముచ్చట. దసరాకు పాలపిట్టను చూస్తె మంచిదంటరు. మంచిదే. కని దాన్ని పట్టుకొచ్చి పంజరంల పెట్టి, పైసల్ తీస్కొని చూపిచ్చెటోళ్లున్నరు. కథ తెల్సు, పిట్ట సంగతి తెల్వదు.

సైన్స్ టీచరమ్మ:
నా భయం వేరే. పరిశీలన పేరుతో మగపిట్ట మోసగాడు, కోకిల దొంగ అని పిల్లలు తీర్పులు రాసేస్తారు. దానికంటే మిణుగురు దీపమే నయం, అబద్ధమని పెద్దయ్యాక ఎలాగూ తెలుస్తుంది. ఈ తీర్పులు మాత్రం పోవు.

బడిపంతులు:
నిజమే టీచరమ్మా, నలుగురు అలాగే రాశారు. ఆడపిట్ట పొగరుబోతు అని కూడా. "అది పొగరని నీ నోటుబుక్కులో ఎక్కడుంది?" అని అడిగితే తల గోక్కున్నారు. ఆ ప్రశ్న నేను ముందే అడగాల్సింది.

కథలబుట్ట:
సరే, ఒప్పుకుంటా, సింహం కంటే సగం గూడే నయం. కానీ మార్కులు దేనికి వేస్తారు మాస్టారూ? కథకా, నోట్సుకా? నోట్సుకే అయితే మా అమ్మమ్మకు సున్నా.

బడిపంతులు:
ఒకమ్మాయి రాసిన ముక్క పెడతాను, మీరే వేయండి.

"పిల్లపిట్ట అడిగింది, అమ్మా, గోడకు ఈ మట్టి ఎందుకు? మన తాతల కాలంలో ఇక్కడ మినుగురు ఉండేదంట. మరి ఇప్పుడేది? చీకటంటే భయం పోయిందని వదిలేశారంట. మరి మట్టి? అది తెచ్చే అలవాటు మీ నాన్నకు పోలేదు."

'మినుగురు'ను 'మిణుగురు' అని దిద్దాను. ఇంకెక్కడా ఎర్రపెన్ను పెట్టలేదు.