ఇన్‌స్టంట్ గీజర్‌కి 32 ఆంప్స్ ఎంసీబీ వేయమంటున్నారు, వైరేమో రెండున్నర ఎంఎం

ప్రశ్న (ఒంగోలు)
మిద్దె మీద బాత్రూముకి 4500 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టించాం. డీబీ (ఇంటి కరెంటు స్విచ్‌ల పెట్టె) నుంచి 18 మీటర్ల దూరం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు స్లాబు పైపులో ఉంది, గదుల వైర్లు కూడా అందులోనే. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్) 16 ఆంప్స్. వరసగా ఇద్దరు స్నానం చేస్తే పడిపోతోంది. 32 వేస్తే పడదని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. గీజర్ 16 ఆంప్స్ సాకెట్‌లో ప్లగ్గుతోనే నడుస్తోంది, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. ఏం చేయమంటారు?

జవాబు (నెల్లూరు)
ముందు గీజర్ వాడటం ఆపండి సార్. ఆ గోధుమ రంగు ప్లాస్టిక్ ఉడికిన గుర్తు. 4500ని 230తో భాగిస్తే 19.6 ఆంప్స్. 16 ఆంప్స్ సాకెట్ మోయాల్సిన బరువు కాదది.

32 వేస్తే పడదు, నిజమే. వైరు కాలుతున్నా పడదు. ఎంసీబీ కాపాడేది వైరును, గీజర్‌ను కాదు. పైపులో వేసిన 2.5 వైరు మోసేది సుమారు 18, 19 ఆంప్స్. పక్కన వేరే వైర్లుండి, ఎండకి స్లాబు కాగితే ఇంకా తగ్గుతుంది. 18 మీటర్లు పోను, రాను కలిపి 36 మీటర్ల తీగ, దాదాపు పావు ఓము. 19.6 ఆంప్స్ పారితే ఆ పైపులో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. వోల్టేజ్ తగ్గేది 5 వోల్టులే కాబట్టి నీళ్లు బాగానే కాగుతాయి, వైరు పడే బాధ పైకి తెలీదు.

మీకు కావాల్సింది 25 ఆంప్స్ ఎంసీబీ, 6 స్క్వేర్ ఎంఎం రాగి ఫేజు, న్యూట్రల్, అదే సైజు ఎర్త్, మధ్యలో అతుకు లేకుండా విడి పైపులో. 4 ఎంఎం చాలంటారు కొందరు. ఆ సైజు 25కి అంచు మీద ఉంటుంది, మన ఎండలకి నేనైతే వేయను. ప్లగ్గు తీసేసి, బాత్రూము బయట 32 ఆంప్స్ డబుల్ పోల్ స్విచ్ (ఫేజు, న్యూట్రల్ రెండూ ఆపేది) పెట్టి నేరుగా కలపండి. పోగుల వైరు కొసకి లగ్గు (లోహపు తొడుగు) నొక్కి స్క్రూ బిగించండి. వదులుగా ఉన్న స్క్రూ దగ్గరే మంట మొదలవుతుంది.

జవాబు (కావలి)
దీనికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) కలపాలి: రెండు పోల్స్, 40 ఆంప్స్, 30 మిల్లీ ఆంప్స్ లీకుకి పడేది. ఎర్త్ ఉంది కదా చాలు అనుకోవద్దు. ఇంటి ఎర్త్ గుంత నిరోధం 10 ఓములున్నా, ఫేజు బాడీకి తగిలితే పారేది 23 ఆంప్స్‌కి మించదు. 25 ఎంసీబీకి అది లెక్కే కాదు, గీజర్ బాడీ కరెంటుతో అలాగే ఉంటుంది. వేసవిలో గుంత ఎండితే మరీ అధ్వానం, నీళ్లు పోస్తుండండి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.

ప్రశ్న (ఒంగోలు)
స్లాబు పైపులో 6 ఎంఎం దూరదంటున్నాడు. ఇంకో దారి ఉందా? ఆర్‌సీసీబీ పెట్టాక ఊరికే పడిపోతే?

జవాబు (నెల్లూరు)
గోడ మీద పైపు వేసి లాగండి, చూడ్డానికి బాగోకపోయినా. లేదా 3000 వాట్ల గీజర్‌కి మారండి: 13 ఆంప్స్, 16 ఎంసీబీ ఉన్నదే చాలు. కానీ కాలిన సాకెట్, ప్లగ్గు రెండూ మార్చాలి, డబ్బా దగ్గర వైరు కొస గట్టిపడి ఉంటే మంచి రాగి తగిలేదాకా కోయాలి.

గీజర్ ఆన్ చేయగానే పడితే ఎలిమెంట్ (నీళ్లు కాచే కమ్మీ) నుంచి కరెంటు లీకవుతోంది. ఉప్పు బోరు నీళ్లకి దాని తొడుగు తినేస్తుంది. స్విచ్ ఆపి ఎలిమెంట్ వైర్లు విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) బాడీకి కొలిపించండి. 1 మెగోము కన్నా తక్కువొస్తే ఎలిమెంట్ మార్చాల్సిందే. గీజర్ ఆపినా, వేరే గదిలో లైటేస్తే పడుతుంటే గీజర్ న్యూట్రల్ ఇంకో సర్క్యూట్‌తో కలిసిపోయిందని అర్థం, డీబీలో విడదీయించండి. ఎలా పడినా ఆర్‌సీసీబీ పీకేసి నేరుగా కలపనివ్వకండి.