అప్‌డేట్: కాలేయంలో 6 సెం.మీ. గడ్డ, బయాప్సీ రిపోర్ట్ వచ్చింది

ముందు అడిగింది ఇదీ: మా అక్కకి కాలేయం 6వ సెగ్మెంట్‌లో 6 సెం.మీ. గడ్డ, స్కాన్‌లో క్యాన్సర్‌లా ఉంది, కానీ హెపటైటిస్ లేదు, ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌లో తరచూ పెరిగే రక్త పరీక్ష) నార్మల్. ముందు బయాప్సీనా, నేరుగా ఆపరేషనా?

బయాప్సీయే చేశారు. యాంజియోమయోలిపోమా (రక్తనాళాలు, కండరం, కొవ్వు కణాలతో ఏర్పడే, సాధారణంగా క్యాన్సర్ కాని గడ్డ) అని తేలింది. ఈ గడ్డను పట్టించే గుర్తులు హెచ్‌ఎంబీ-45, మెలాన్-ఎ రెండూ పాజిటివ్. కాలేయ కణాలకు గుర్తైన హెప్‌పార్-1 నెగెటివ్. కొవ్వు తక్కువగా ఉన్న రకం కాబట్టే స్కాన్ తికమక పెట్టింది. ఆర్టీరియల్ ఫేజ్‌లో (స్కాన్ మందు ధమనుల్లో ఉన్నప్పుడు) మెరిసి తర్వాత వెలిసిపోతే ఎవరైనా క్యాన్సర్ అనే అనుకుంటారు.

5 సెం.మీ. లోపు ఉండి, బాధ లేకపోతే, బయాప్సీలో అనుమానం లేకపోతే స్కాన్లతో కనిపెట్టుకుని ఉండొచ్చు. ఇక్కడ సైజు దాటింది, పైగా ఎపిథెలియాయిడ్ కణాలు (ఈ గడ్డలో ఉండే ఒక రకం పెద్ద కణాలు) ఎక్కువ. ఈ రకం అరుదుగా క్యాన్సర్‌లా ప్రవర్తిస్తుంది, అందుకే తీసేయడమే మేలన్నారు. నాకూ అదే సబబనిపించింది.

ల్యాప్రోస్కోపీలోనే చేస్తారు. ముందు కాలేయం మీదే అల్ట్రాసౌండ్ పెట్టి అంచులు గీసుకుంటారు. కోసేటప్పుడు రక్తం పోకుండా కాలేయానికి వెళ్లే నాళాలను 15 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదులుతారు. సెంట్రల్ వీనస్ ప్రెషర్ (గుండెకి చేరే పెద్ద సిరల్లోని ఒత్తిడి) కూడా 5 లోపు ఉంచుతారు. అది పెరిగితే హెపాటిక్ సిరల (కాలేయం నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేవి) నుంచి రక్తం ఆగదు, లోపలికి వెళ్లే నాళాలను ఎంత బిగించినా.

తర్వాత చూడాల్సింది పిత్తం కారడం. మూడో రోజుకో, ఆ తర్వాతో డ్రెయిన్ (కడుపులోంచి ద్రవం బయటికి తీసే గొట్టం) ద్రవంలో బిలిరుబిన్ (పిత్తంలోని పసుపు పదార్థం) రక్తంలో కంటే 3 రెట్లు ఉంటే లీకే.

ట్యూబరస్ స్క్లెరోసిస్ (పలు అవయవాల్లో గడ్డలు వచ్చే జన్యు వ్యాధి) ఉన్నవాళ్లలోనూ ఈ గడ్డలు వస్తాయి, కిడ్నీల్లో కూడా, కనుక కిడ్నీల స్కాన్ కూడా రాశారు.