టేలర్ స్విఫ్ట్ ‘1989’ రికార్డు: పాతదా, కొత్తదా? మా పాత ప్లేయర్‌కి పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా అక్క కూతురు ఇంటర్ పాసయితే ఏం కావాలే అని అడిగాను. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ‘1989’ ఆల్బమ్ ఎల్పీ రికార్డు కావాలంది. ఫోన్లో ఎలాగూ వింటావు కదా అంటే, "చేత్తో పట్టుకోవాలి మావయ్యా" అంటోంది.

చూస్తే అందులో రెండున్నాయి. 2014లో వచ్చినది ఒకటి, 2023లో ఆవిడే మళ్లీ పాడి విడుదల చేసిన ‘టేలర్స్ వెర్షన్’ ఇంకొకటి. మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగుల (అంటే మొదట పాడిన అసలు రికార్డింగుల) హక్కులు 2019లో వేరేవాళ్లు కొనేసుకున్నారని అలా మళ్లీ పాడిందట. 2025లో ఆ హక్కులు ఆవిడే కొనుక్కుంది కాబట్టి ఇప్పుడు పాతది కొన్నా తప్పులేదనే నా లెక్క. కొత్తదానిలో పాటలు 21, పాతదానిలో 13. రెండూ విన్నవాళ్లు చెప్పండి, గొంతులో, వాయిద్యాల్లో తేడా నిజంగా తెలుస్తుందా? పిల్లని అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది.

అసలు టెన్షన్ ప్లేయర్ గురించి. బొబ్బిలిలో మా తాతగారి కరెంటు రికార్డు ప్లేయర్ ఉంది. 33, 45, 78 స్పీడులు (నిమిషానికి తిరిగే చుట్లు) మూడూ ఉన్నాయి, పళ్లెం తిరుగుతోంది. సూది మాత్రం ఏ కాలం నాటిదో! అదే సూదితో వేస్తే కొత్త రికార్డు పాడవుతుందా? సూది ఒక్కటి మారిస్తే చాలా, అది బిగించి ఉన్న కార్ట్రిడ్జ్ కూడా మార్చాలా? 78 రికార్డుల సూది వేరే ఉంటుందంటారు, ఇందులో ఉన్నది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

ఘంటసాల చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరే గానీ, ఇలాంటివి బాగుచేసేవాళ్లు ఇక్కడ నాకు దొరకలేదు. శ్రీకాకుళంలో గానీ వైజాగ్‌లో గానీ ఎవరైనా తెలిస్తే ఏ వీధో చెప్పండి చాలు. ఎండల్లో పార్సిల్ తెప్పిస్తే రికార్డు వంగిపోతుందా అన్నది కూడా చెప్పగలరు.