బొడ్డుతాడు ముక్కను డబ్బు కట్టి దాచుకోవాలా?

కాబోయే నాన్న: డెలివరీకి ఇంకా నెల ఉంది. బొడ్డుతాడు రక్తంతో పాటు తాడు ముక్కను కూడా దాచుకోమని కణాలు దాచే ఒక బ్యాంకు వాళ్లు వెంటపడుతున్నారు. 80 జబ్బులకు పనికొస్తుందట. నిజమేనా?

ల్యాబ్ మనిషి: ఆ జాబితా రక్తానిదండి, తాడుది కాదు. 1988లో పారిస్‌లో ఫాంకోని ఎనీమియా అనే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న ఒక అబ్బాయికి చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించారు. అందులోని మూలకణాలు కొత్త రక్తాన్ని పుట్టిస్తాయి. తాడులో రక్తనాళాల చుట్టూ వార్టన్స్ జెల్లీ అనే జిగురు పదార్థం ఉంటుంది. అందులో దొరికేవి మీసెంకైమల్ కణాలు. ఇవి రక్తాన్ని తయారుచేయవు. రోగనిరోధక వ్యవస్థ మితిమీరి దాడి చేస్తుంటే దాన్ని తగ్గిస్తాయి, ఎక్కువగా వాడేది అందుకే. బ్రోషర్లో రెండింటినీ కలిపేయడం తెలియక చేసే పని అనుకోను.

ముందుచూపు: మరీ కొట్టిపారేయకండి. ఎముక మూలుగ మార్పిడి తర్వాత, దాత కణాలు రోగి శరీరంపైనే దాడి చేసే జబ్బు (జీవీహెచ్‌డీ) వచ్చి స్టెరాయిడ్లు పనిచేయకపోతే ఇవ్వడానికి, బొడ్డుతాడు కణాల మందును చైనా 2025 జనవరిలో అనుమతించింది. పైగా రక్తం ఎక్కువ రావాలంటే కాన్పు కాగానే తాడును త్వరగా క్లిప్పుతో బిగించాలి, బిడ్డకు వెళ్లాల్సిన రక్తం తగ్గుతుంది. ముక్కకు ఆ బెడద లేదు. ఎలాగూ పారేసేదే కదా!

ల్యాబ్ మనిషి: బిడ్డకు నష్టం లేదు, ఒప్పుకున్నాను. కానీ ఆ మందు దాతల తాడు నుంచి చేసింది, రోగి సొంతది కాదు. 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన రయోన్సిల్ అనే ఇలాంటి మందు కూడా దాతల మూలుగ కణాలే. రక్త మూలకణాలకు చూసినట్టు వీటికి దాతకూ రోగికీ మ్యాచింగ్ చూడనక్కర్లేదు కాబట్టి ముందే పెంచి, పరీక్షించి, సిద్ధంగా ఉంచుతారు. మరి సొంత ముక్కకు 20 ఏళ్లు అద్దె ఎందుకు?

ముందుచూపు: రేపు సొంత కణాలే కావాలనే చికిత్స వస్తే?

ల్యాబ్ మనిషి: రావచ్చు. అప్పుడైనా పెద్దవాళ్ల మూలుగలో, కొవ్వులో ఈ రకం కణాలు దొరుకుతాయి. తాడు కణాలు వేగంగా పెరుగుతాయి, ఆ లాభం ఉంది. పుట్టుకతో వచ్చిన జన్యులోపమైతే మాత్రం దాచిన కణాల్లోనూ అదే లోపం ఉంటుంది.

నర్సమ్మ: నాన్నగారూ, తాడును ముక్కగానే ఫ్రీజ్ చేస్తారా, కణాలు వేరుచేసి దాస్తారా అని అడగండి. ముక్కగా దాస్తే, బయటికి తీసి కరిగించేదాకా ఎన్ని కణాలు బతికున్నాయో తెలీదు.

కాబోయే నాన్న: ఫోన్ చేశానండి. ముక్కగానేనట. బతికున్న కణాల లెక్క రిపోర్టులో ఇస్తారా అంటే, రక్తానికే ఇస్తారట. నేనైతే తాడు వద్దనుకుంటున్నాను. అత్తగారు మాత్రం ఆ బ్రోషర్ వదలడం లేదు.