దమ్ము చక్రాల బురదలో రోడ్ బైక్: బ్రేకులు కిర్రుమంటున్నాయి, ఏం చేయాలి?

గట్టుదారి (వీరవాసరం):

అందరికీ నమస్కారమండి. మాది వీరవాసరం, ఉద్యోగం భీమవరంలో. మార్చి నుంచి బండి మానేసి రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిలు) మీదే వెళ్తున్నాను. రానూపోనూ పాతిక కిలోమీటర్ల దాకా అవుతుంది. అల్యూమినియం రిమ్ములు, 25 సైజు టైర్లు. డిస్క్ బ్రేకులు కాదు, రిమ్మును పట్టే కాలిపర్ బ్రేకులు.

వేసవంతా ఏ ఇబ్బందీ లేదు. సార్వా దమ్ములు, అంటే వానాకాలం నాట్లకు పొలాల్ని బురదగా దున్నడం, మొదలయ్యాక వచ్చింది కష్టం. ట్రాక్టర్లు ఆ బురద దున్నే ఇనప దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కుతున్నాయి, రోడ్డు పొడుగునా బురద ముద్దలు. వాటి మీద ముసురు పడితే సన్నటి బంకలా తయారై సైకిలంతా పూత పూసినట్టు పట్టేస్తోంది. రెండు వారాల నుంచి ముందు బ్రేకు కిర్రుమంటోంది. వెనక బ్రేకు లివరు వదిలినా చప్పున తిరిగి రావట్లేదు.

మొన్న సాయంత్రం కాలువ గట్టు మలుపులో గేదెలు అడ్డొచ్చాయి. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కినా ఆగలేదు. కాళ్లు కిందపెట్టి ఈడ్చుకుంటూ ఓ దూడకు జానెడు దూరంలో ఆగాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

రోజూ కడగాలంటారా? కడిగితే ఎలా కడగాలి? బ్రేకుల పని ఇంట్లో నేను చేసుకోగలనా? ఇక్కడి షాపుల్లో రోడ్ బైక్ అనగానే మాకు తెలియదండి అంటున్నారు.

ఉండి రైడర్:

బ్రో, టెన్షన్ వద్దు. బైకుల వాటర్ సర్వీసింగ్‌లో ఇచ్చెయ్, గన్నుతో కొడితే రెండు నిమిషాల్లో బురదంతా పోతుంది. తర్వాత తుప్పు పట్టకుండా మొత్తం మీద స్ప్రే ఆయిల్ కొట్టించుకో. నేను నా గేర్ సైకిల్‌కి అదే చేస్తాను.

చించినాడ దారి (రాజోలు):

తమ్ముడూ, ఆ బ్రేకులు బాగయ్యేదాకా సైకిలు తీయకు. నాలుగు రోజులు బస్సులో వెళ్లు.

ఉండి ఊరి నుంచి రాసినాయన మంచి మనసుతోనే చెప్పారు గానీ, వాటర్ గన్ను దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఆ ఒత్తిడికి నీళ్లు చక్రాల హబ్బుల్లోకి, పెడళ్ల ఇరుసు బేరింగుల్లోకి, హ్యాండిల్ కింది బేరింగుల్లోకి దూరిపోతాయి. గ్రీజు పోయి, లోపల చెమ్మ మిగులుతుంది. పైకి తళతళలాడుతుంది, నెల తిరిగేసరికి లోపల కరకరమంటుంది. ఇక స్ప్రే ఆయిల్ తుంపర రిమ్ము మీద పడిందంటే ఉన్న బ్రేకూ పోతుంది.

మా నాన్నగారికి సైకిల్ షాపు ఉండేది. అప్పటివన్నీ కడ్డీ బ్రేకుల సైకిళ్లు, ఉక్కు రిమ్ములు. వాన పడితే వాటికి బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే అప్పట్లో వానలో నడిపించుకు వెళ్లేవాళ్లే ఎక్కువ. ఇప్పటి అల్యూమినియం రిమ్ము తడిలోనూ పట్టుకుంటుంది, కానీ శుభ్రంగా ఉంటేనే. నేను ఎనిమిదేళ్లుగా రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి వస్తున్నాను. మన డెల్టాలో దిగుడు అంటే వంతెన దిగుడే. మిగతా దారంతా చదును కాబట్టి బ్రేకు సంగతి ఎవరికీ గుర్తురాదు. రెండో ఏడు వానాకాలంలో ఆ దిగుడులోనే నా వెనక లివరు హ్యాండిల్‌కి ఆనుకుపోయింది. తుప్పు తిన్న కేబుల్ పోగులు తెగి, చివరికి రెండే మిగిలాయి. ముందు బ్రేకు ఉండబట్టి బతికాను. అప్పటి నుంచి సైకిలు ఇంటికి రాగానే మొదట చూసేది బ్రేకులనే.

అసలు జరిగేది ఏమిటంటే, మన ఒండ్రు మట్టి సన్నగా ఉండి రబ్బరుకు అంటుకుంటుంది. దాంతోపాటు రోడ్డు మీది ఇసుక పలుకులూ చేరతాయి. నువ్వు బ్రేకు నొక్కినప్పుడల్లా ఆ పలుకులు రిమ్మును గీరుతాయి. గీరిన అల్యూమినియం పొట్టు మళ్లీ రబ్బరులోనే గుచ్చుకుని ఇంకాస్త గీరుతుంది. నీ కిర్రు చాలావరకు ఇదే అయి ఉంటుంది.

చక్రం తీసి, 5 ఎం.ఎం. ఎలన్ కీతో (ఆరు పలకల తాళంతో) బ్రేక్ షూలు, అంటే రిమ్మును నొక్కే రబ్బరు దిమ్మలు, విప్పు. విప్పే ముందు ఏది ఎటు ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకో. పగటి వెలుతుర్లో గుమ్మంలో కూర్చుని ఒక్కో షూని అటూ ఇటూ వాల్చి చూడు. నల్ల రబ్బరులో చీమ తలంత మెరుపులు కనిపిస్తాయి. పిన్నీసు మొనతో ఒక్కొక్కటీ తవ్వి తియ్యి. పైకి చిన్నగానే ఉంటుంది, లాగితే బియ్యపు నూకంత ముక్క వస్తుంది. అన్నీ వచ్చాక గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దితే పైనున్న నున్నటి పొర పోయి మళ్లీ కొత్త రబ్బరు తేలుతుంది. రబ్బరు మీది గాళ్లు (గాడి గీతలు) అరిగిపోయి ఉంటే ఇవేమీ వద్దు, కొత్తవి వేసెయ్.

రిమ్మును గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడువు. సెల్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. గుడ్డకు నలుపు అంటడం మానేదాకా తుడవాలి. తర్వాత స్కేలు అంచు రిమ్ము పక్క గోడకు ఆనించి చూడు. మధ్యలో గుంటలా సందు కనిపిస్తే రిమ్ము అరిగినట్టే. బాగా అరిగితే టైరు గాలి ఒత్తిడికి ఆ గోడ చీలిపోగలదు, దాంతో మొండికి పోవద్దు.

వెనక లివరు తిరిగి రావట్లేదన్నావు, అది కేబుల్ తొడుగులో దూరిన నీళ్ల పనే అనుకుంటున్నాను. తొడుగు కిందికి వంగిన చోట నీళ్లు నిలుస్తాయి. రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు చక్రం మీంచి చింది అక్కడికి చేరాయంటే, ఉప్పు కాబట్టి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. కేబుల్, తొడుగు రెండూ మార్చు. ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకోవాలని చూడకు.

రోజూ కడగక్కర్లేదు. బురదలో వచ్చిన రోజు మాత్రం ఎండనివ్వకు. ఓ చెంబు నీళ్లు పైనుంచి మెల్లగా పోసి, రిమ్ములూ షూలూ గుడ్డతో తుడిస్తే ఐదు నిమిషాల పని. ఎండితే అరగంట గోకాలి. చైను పొడి గుడ్డలోంచి తిప్పి తుడిచి, ఒక్కో లింకుకీ ఒక్క చుక్క వానాకాలపు ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచెయ్.

కోనసీమ 28:

అన్నయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. నా వైపు నుంచి రెండు మాటలు. మడ్‌గార్డులు పెట్టించుకోండి, ముందు చక్రం చిమ్మే బురదే చైనునీ బ్రేకులనీ తినేది. రోడ్ బైక్‌కి బోల్టు రంధ్రాలు లేకపోతే పట్టీలతో బిగించేవి దొరుకుతాయి. చైను అరుగుదల చూడటానికి 12 అంగుళాల స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యభాగం సున్నా దగ్గర పెడితే 24 పిన్నుల అవతలిది సరిగ్గా 12 మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు జరిగి ఉంటే మార్చేయండి, లేదంటే వెనక పళ్ల చక్రాలు కూడా పాడవుతాయి.

గట్టుదారి (వీరవాసరం):

అన్నయ్యగారూ, ఆదివారమంతా దీని మీదే కూర్చున్నానండి. ముందు షూల్లోంచి ఏడు ముక్కలు వచ్చాయి, ఒకటైతే మీరు చెప్పిన నూక కంటే పెద్దది. గాళ్లు దాదాపు అరిగిపోయాయి, అందుకే రబ్బర్లు జారించి తీసి మార్చుకునే రకం షూలు కొత్తవి వేశాను. వెనక కేబుల్ లాగితే ఎర్రటి నీళ్లు కారాయి. తొడుగుతో సహా మార్చాను. రిమ్ములు బాగానే ఉన్నాయి. ఇప్పుడు లివరు హ్యాండిల్‌కి బొటనవేలు దూరంలో ఆగుతోంది. ఫోటోలు పెడుతున్నాను, ఒకసారి చూడండి. రేపు పొద్దున్న డ్యూటీకి దీని మీదే వెళ్దామనుకుంటున్నాను.

చించినాడ దారి (రాజోలు):

పని చక్కగా చేశావు తమ్ముడూ. కానీ రెండో ఫోటో చూడు. ముందు బ్రేకు కుడి షూ తిరగబడింది. రబ్బరు దూర్చే తెరిచిన కొస హ్యాండిల్ ముందువైపుకు ఉంది. బ్రేకు పడినప్పుడు రిమ్ము రబ్బరును ముందుకే లాగుతుంది, కాబట్టి మూసిన కొస ముందుకు ఉండాలి. ఇలాగే వదిలేస్తే గట్టిగా నొక్కినప్పుడు రబ్బరు జారి బయటికి పోవచ్చు. చిన్న స్క్రూ ఉంటుంది గానీ దాని మీద భారం వేయకూడదు. షూ మీద బాణం గుర్తు గానీ, ఎడమ కుడి అక్షరాలు గానీ ఉంటాయి చూడు. ఈ రాత్రే తిప్పి బిగించి, నాకు ఇంకో ఫోటో పెట్టు.

గట్టుదారి (వీరవాసరం):

తిప్పేశానండి. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వేశానేమోనని నాలుగూ విప్పి చూశాను, ఆ ఒక్కటే తప్పు. వీధి దీపం కింద పదిసార్లు తొక్కి ఆపి చూశాను, చప్పుడు లేకుండా ఆగుతోంది. కొత్త ఫోటో కింద పెట్టాను.

చించినాడ దారి (రాజోలు):

చూశాను, ఇప్పుడు సరిగ్గా ఉంది. కొత్త కేబుల్ వారంలో కాస్త సాగుతుంది. కాలిపర్ దగ్గరి గుండ్రటి మరను విప్పుతున్నట్టు అర చుట్టు తిప్పితే బిగుస్తుంది. గట్టు మలుపు దగ్గర మెల్లగా వెళ్లు.